పడకగది నేలలో ఇనుప కడియం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. ఆ మాట అన్నవాడెవడో నాలుగొందల ఏళ్ళనాటి ఇల్లు బాగుచేయించి ఉండడు. చేయించి ఉంటే ఆ రెండూ అసలు లెక్కలోకే రావనేవాడు.

మా ఇల్లు ఇంగ్లండులో సఫక్‌ జిల్లాలో, బంకమట్టి పొలాల మధ్య ఉంది. మా ఆయన రసెల్ వాళ్ళ తాతది. తాత, నానమ్మ పోయాక పెదనాన్న ఒంటరిగా ఉన్నాడు. కప్పు కారితే కింద బకెట్ పెట్టేవాడు. బకెట్ నిండితే పక్క గదిలోకి మారేవాడు. అలా ఒక్కో గదీ వానకి వదిలేసుకుంటూ, చివరికి వంటింట్లో కుర్చీలోనే పోయాడు. ఇల్లు మాకొచ్చింది. టౌన్లో శుభ్రంగా ఉన్న చిన్న ఇల్లు అమ్మేసి, పదేళ్ళ కూతురు బ్రయొనీని వెంటేసుకుని వచ్చి ఇందులో పడ్డాం.

"ఒక్క ఏడాది ఓపిక పట్టవే గెయిల్. రాణిలా చూసుకుంటా," అన్నాడు రసెల్. ట్రాక్టర్లు బాగుచేసే మెకానిక్కు కదా, ఏదైనా విప్పి మళ్ళీ బిగిస్తే నడుస్తుందని ఆయన నమ్మకం. నేనూ నమ్మాను, నా బుద్ధి గడ్డి తిని.

ఈ ఇల్లు పాత ఇళ్ళ జాబితాలో ఉంది. అంటే ఇల్లు మాదే, కానీ గోడకి మేకు కొట్టాలన్నా కౌన్సిల్‌ని అడగాలి. వాళ్ళు పంపిన ఆఫీసరు పేరు పెట్రా లవ్‌డే. ముప్పై ఏళ్ళుంటాయేమో. మొదటిసారి వచ్చినప్పుడు గుమ్మంలో బూట్లు విప్పేసి, లోపలికొచ్చి మట్టిగోడని అరచేత్తో నిమిరింది. నేను మా ఆయన్నైనా అంత ప్రేమగా నిమిరి ఎన్నేళ్ళయిందో.

"సిమెంటు వద్దు. సున్నమే. ప్లాస్టిక్ రంగులు వద్దు. ఈ కిటికీలు మార్చొద్దు," అని చెప్పుకుంటూ పోయింది.

"ఊపిరి పీల్చుకోవచ్చా అమ్మాయ్?" అన్నాను.

"మీరు పీల్చకపోయినా ఫర్వాలేదు, గోడ పీల్చాలి," అంది నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

ఆ చలికాలమే ముందు గదిలో వాల్‌పేపర్ పీకుతుంటే, కింద ఎర్రటి పువ్వులు గీసిన సున్నం ముక్క కనబడింది. నిజం చెప్పడం మంచిదని ఫోన్ చేశాం. అంతే, పని ఆగింది. ఎవరో నిపుణురాలు వచ్చి దూది పుల్లలతో ఆ పువ్వుల్ని తుడుస్తూ మూడు నెలలు కూర్చుంది. మూడు నెలలు మేం ముగ్గురం వంటింట్లో ఒకే పొయ్యి చుట్టూ చలి కాచుకున్నాం. ఆవిడకి టీలు మాత్రం బాగా అందించాను.

అప్పుడే మా ఇంట్లో ఒక చట్టం పుట్టింది. పాతదేదైనా బయటపడితే నోరు మూసుకోవాలి, దాన్నీ మూసెయ్యాలి. రొట్టెలు కాల్చే ఇటుక పొయ్యి ఒకటి పొగగూటి వెనకాల కనబడితే, రసెల్ నాకేసి చూశాడు, నేను రసెల్‌కేసి చూశాను. అరగంటలో దానిమీద చెక్క పడింది. "ఏం చూశావ్ బ్రయొనీ?" అని అడిగాడు వాళ్ళ నాన్న. "ఏం పొయ్యి?" అంది ఆ పిల్ల. దొంగల కాపురంలో పిల్లలు త్వరగా నేర్చుకుంటారు.

ఏప్రిల్లో నేనొక్కదాన్నే మేడ మీద పెద్ద గదిలో నేలకి పరిచిన పాత లినోలియం చుట్టలు చుడుతున్నాను. రసెల్ బయట కొట్టంలో సున్నం నానబెడుతున్నాడు. ఆ గది వంటింటి మీద ఉంటుంది. మాకు పడకగది చేద్దామనుకున్నది అదే. లినోలియం కింద నేల చెక్కలు ఒకచోట అన్నిటిలా లేవు. మనిషి పొడుగున, మనిషిన్నర వెడల్పున, విడిగా కోసిన తలుపులా ఉంది. ఒకవైపు చేతితో కొట్టిన రెండు ఇనుప బందులు, రెండోవైపు చెక్కలోకి అణిగిన ఇనుప కడియం. బస్తాలు పైకి లాక్కునే దారేమో అనుకున్నాను. వెంటనే ఆ దూది పుల్లలావిడ కళ్ళముందు కనబడింది. ఇంకో మూడు నెలలా? నా వల్ల కాదు తల్లీ.

కిందికి వెళ్ళి ప్లైవుడ్ పలక తెచ్చాను. ఇరవై నాలుగు మరలు బిగించాను, కొత్తవి. పైన చాప పరిచాను. తేలు కుట్టిన దొంగలా కిందికొచ్చి బంగాళదుంపలు ఉడకేశాను. రసెల్‌కి కూడా చెప్పలేదు. చెప్తే వాడికి జాలి పుడుతుంది. వాళ్ళ తాత ఇల్లు కదా, తీసి చూద్దామంటాడు.

ఆ వేసవంతా రసెల్ ఆ గది గోడలకి సున్నం వేశాడు. మేకవెంట్రుకలు కలిపిన సున్నం, మూడు పూతలు. తాపీ మేస్త్రీని పెట్టుకుందామంటే విన్లేదు. "మన పడకగది నా చేతుల్తో నేనే వేస్తా," అన్నాడు. ఆగస్టులో తాపీ చేతిలోంచి జారిపోవడం మొదలైంది. రెండుసార్లు నా కాలిమీదే పడింది. "చూసి పట్టుకోవయ్యా, నేనేమన్నా గోడనా?" అని కసిరాను. కసిరాను, అది మాత్రం నిజం. పడమటి మూల వేసేసరికి ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని వేశాడు.

సున్నం తొందరపెడితే పగులుతుంది. తడి గోనెలు కప్పి, నెమ్మదిగా, తనంతట తానే ఆరాలి. "చలికాలమంతా ఆరనిద్దాం. వసంతంలో ఇక్కడ పడుకుందాం," అన్నాడు.

నవంబర్లో డాక్టరు చెప్పింది. నరాల జబ్బు. కండరాలు ఒక్కోటీ పని మానేస్తాయి, మందు లేదు. ముందు చేతులు, కాళ్ళు, తర్వాత మాట, తర్వాత మింగడం, చివరికి ఊపిరి. ఆవిడ అలా వరసగా చెబుతుంటే రసెల్ బుద్ధిగా తలూపాడు, ట్రాక్టరు ఏ వరసలో విప్పాలో వింటున్నట్టు.

మార్చికి గోడలు ఆరాయి. మార్చికి రసెల్ మెట్లు ఎక్కలేకపోయాడు.

మా మెట్లు మామూలు మెట్లు కావు. పొగగూటి పక్కన ఇరుక్కుని, ఒక మనిషి భుజం రాసుకుంటూ మెలితిరిగి ఎక్కే మెట్లు. రసెల్ ఆరడుగుల నాలుగంగుళాలు. అంబులెన్సు వాళ్ళు ఇద్దరు ఒకసారి ప్రయత్నించి, మలుపు దగ్గర ముగ్గురూ ఇరుక్కుని, మళ్ళీ అడగొద్దన్నారు. మనిషిని కూర్చోబెట్టి మెట్ల వెంట పైకి లాక్కెళ్ళే కుర్చీ ఉంటుంది, అదీ ఆ మలుపు తిరగదట. ముందు గదిలో ఆస్పత్రి మంచం వేశాం. ఆ కిటికీలోంచి కనబడేది కొట్టం గోడ ఒక్కటే. పక్కన నేను మడత మంచం మీద.

వాడు అడిగింది ఒక్కటే. "ఆ గదిలో పడుకోవాలి గెయిల్. మనిద్దరం. మన మంచం మీద. ఎన్నాళ్ళని కాదు, పోయేలోగా." అంతే. ప్రపంచయాత్ర అడగలేదు. పన్నెండడుగులు పైకి వెళ్తానన్నాడు.

వంటింట్లోంచి పైకి చిన్న లిఫ్టు పెట్టించుకుంటామని కౌన్సిల్‌కి రాశాం. లవ్‌డే వచ్చింది, వంటింటి సీలింగుకేసి చూసింది, తల దించుకుని వెళ్ళిపోయింది. ఉత్తరం వచ్చింది, కుదరదని. లిఫ్టుకి చోటు కావాలంటే మూడు దూలాలు కోయాలి, కోయడానికి లేదు.

ఫోన్ చేశాను. "ఏమ్మా, దూలాలు మనిషికంటే ఎక్కువా?"

"కోస్తే మళ్ళీ అతకవు మిసెస్ గారడ్," అంది మెల్లిగా.

"మా ఆయనా అంతేనమ్మా. ఆయనా మళ్ళీ అతకడు."

"ఇంకోసారి దరఖాస్తు పెట్టండి. నేను చేయగలిగింది చేస్తాను," అని పెట్టేసింది.

రెండోసారీ పెట్టాం. ఆ కాగితాల్లో ఒక ప్రశ్న ఉంటుంది. ఇంట్లో ఇంతవరకు తెలియజేయని పాత భాగాలేమైనా ఉన్నాయా అని. మొదటిసారి 'లేవు' అని రాశాను. రెండోసారీ అదే. ఇప్పుడు ఉన్నాయంటే, దాచారని అసలు దరఖాస్తే చింపేస్తారని భయం. ఇటుక పొయ్యి గుర్తొచ్చింది. కడియం కూడా గుర్తొచ్చింది. చేతిలో కలం ఆగలేదు. రెండోసారీ కుదరదన్నారు.

కింద మంచం వేసి ఏడాదిన్నర గడిచింది. ఆ ఏడాదిన్నరలో రసెల్ చేతులు పోయాయి. మాట ముద్దయిపోయింది. నాకూ బ్రయొనీకీ తప్ప ఎవరికీ అర్థంకాదు. తినేవన్నీ సూపులా చేయాలి. నేను అలిసిపోయాను. ఏడవడానిక్కూడా ఒంట్లో ఓపిక ఉండాలని అప్పుడే తెలిసింది. పొద్దున్నే లేవడం, తిప్పడం, తుడవడం, తినిపించడం, మధ్యలో ఎక్కడో సున్నం గీకడం. ఇల్లు సగంలో ఉంది, మనిషి సగంలో ఉన్నాడు, నేను రెండింటి మధ్య.

సెప్టెంబర్లో వంటింటి సీలింగు కుంగింది. అది పెదనాన్నకంటే ముందు ఎవరో కొట్టించిన అట్ట సీలింగు. పురుగేమన్నా పట్టిందేమో చూడమని వడ్రంగి డెనిస్ కెరిడ్జ్‌ని పిలిచాను. డెబ్బై ఏళ్ళవాడు. ఈ చుట్టుపక్కల ఆయన చెయ్యి పడని కప్పు లేదు. నిచ్చెనెక్కి అట్టలు ఊడదీస్తూ ఊడదీస్తూ ఆగిపోయాడు.

"తల్లీ, ఇలా రా. ఇక్కడ దూలాలు లేవే."

"విరిగిపోయాయా?" అన్నాను.

"విరగలేదు. ఇల్లు కట్టినప్పుడే ఇక్కడిదాకా తెచ్చి ఆపేశారు, చుట్టూ చట్రం వేసి. చక్కగా వేశాడు మహానుభావుడు. ఇది శవం దింపే దారి. ఆ ఇరుకు మెట్ల మీద శవపేటిక తిరగదు కదా. అందుకని మేడమీద పోయినవాళ్ళని తాళ్ళు కట్టి ఇట్నుంచి వంటింట్లోకి దించేవారు. మా చిన్నప్పుడు ఇంకో రెండు ఇళ్ళలో చూశాను." చట్రం మీద వేలితో కొలుచుకుంటూ వెళ్ళి, "పైన మూత ఉండాలే మరి?" అన్నాడు.

మెట్లెక్కాను. వెనకాలే వచ్చాడు. చాప తీశాను. ప్లైవుడ్ కనబడింది. డెనిస్ మోకాళ్ళ మీద వంగి కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"ఈ మరలు కొత్తవి తల్లీ."

"నేనే," అన్నాను. "రెండున్నరేళ్ళ కిందట. మళ్ళీ పని ఆపేస్తారని."

ఆయన జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి నా చేతిలో పెట్టాడు. ఇరవై నాలుగూ నేనే విప్పాను. ఒక్కో మర విప్పుతుంటే ఒక్కో నెల లెక్కకొచ్చింది. వాడు చెంచా పట్టుకోలేకపోయిన నెల. బ్రయొనీ పేరు స్పష్టంగా పలకలేకపోయిన నెల. నేను ఈ చాప మీదే నడుచుకుంటూ వెళ్ళి కిటికీలు తుడిచి, కిందికొచ్చి, ఈ కౌన్సిల్ వాళ్ళకి మనసులేదని వాడి పక్కన కూర్చుని తిట్టిన నెల.

ఫోన్ చేసి చెప్పగానే లవ్‌డే మర్నాడే వచ్చింది. బూట్లు విప్పేసి నేలమీద బోర్లా పడుకుని టేపుతో కొలిచింది. లేచేసరికి మొహమంతా దుమ్ము. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"ఇది ముందే ఉన్న దారి మిసెస్ గారడ్. లిఫ్టు సరిగ్గా పడుతుంది. ఒక్క దూలం కూడా కోయక్కర్లేదు. మూత ఆ బందుల మీదే ఉంచితే చాలు. నాకు చెప్పుంటే..." ఆగింది. "చెప్పుంటే మొదటి దరఖాస్తుకే నెల రోజుల్లో ఇచ్చేసేదాన్ని."

"కాగితంలో లేవని రాశాను," అన్నాను.

"చూశాను." గోడకేసి తిరిగింది. "మేం వచ్చామంటే అందరూ దాస్తారు. ఆ పువ్వుల ముక్క కోసం మూడు నెలలు ఆపకుండా ఉండాల్సింది. మూడు వారాల పని అది." ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. రెండేళ్ళు దాన్ని తిట్టని రోజు లేదు. ఆ రోజు టీ పెట్టిచ్చాను, రెండు చెంచాల పంచదార వేసి. ఇద్దరం ఆ మూత పక్కనే నేలమీద కూర్చుని తాగాం.

అనుమతి తొమ్మిది రోజుల్లో వచ్చింది. అక్టోబర్ మధ్యలో లిఫ్టు బిగించారు. రెండు కమ్మీల మధ్య చక్రాల కుర్చీ పట్టేంత పలక, అంతే. డెనిస్ పైన మూతకి నూనె రాసి, కడియం రుద్ది, దూరంగా నిలబడి చూసుకున్నాడు.

వాడిని ఎక్కించే రోజు మధ్యాహ్నం ఎండగా ఉంది. రోడ్డు మీద బీట్ దుంపల లారీలు పోతున్నాయి. కుర్చీని పలకమీదికి తోశాను. బ్రయొనీ బొత్తాం దగ్గర నిలబడింది. అప్పుడు ఇక నావల్ల కాలేదు. కుర్చీ ముందు నేలమీద కూర్చున్నాను.

"రసెల్, ఆగు. నీకొకటి చెప్పాలి. ఈ దారి నాకు మొదట్నుంచీ తెలుసు. నేనే మూశాను. కాగితాల్లో రెండుసార్లు లేదని రాశాను. నిన్ను ఏడాదిన్నర ఆ గోడకేసి చూస్తూ పడుకోబెట్టింది వాళ్ళు కాదు, నేను."

రసెల్ నన్ను చూశాడు. మాట కూడదీసుకోవడానికి ఎప్పుడూ పట్టేకంటే ఎక్కువసేపు పట్టింది.

"నాకూ తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"తాతని... దించారు. ఇట్నుంచి. నాకు ఎనిమిదేళ్ళు." వంటింటి బల్ల ఉన్న వైపు కళ్ళు తిప్పి చూపించాడు. "ఆ బల్ల మీదికి. నానమ్మ అట్ట కొట్టించేసింది."

బ్రయొనీ బొత్తాం మీంచి చెయ్యి తీసేసింది. "నాన్నా, మరి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే... తెరుస్తారు. తెరిస్తే... నా కోసమే తెరిచినట్టుంటుంది." ఊపిరి తీసుకున్నాడు. "దాంట్లోంచి దిగడమే చూశాను. ఎక్కొచ్చని... తట్టలేదు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో తెలీదు. "మొద్దు మొహమా," అన్నాను. "ఒకే మంచం మీద పడుకునేవాళ్ళం ఇద్దరం ఒకే మూతని ఒకళ్ళకి తెలీకుండా ఒకళ్ళం దాచుకున్నామా?"

"దొంగల... కాపురం," అన్నాడు రసెల్. వాడి మొహం నవ్వగలిగినంత నవ్వింది.

బ్రయొనీ బొత్తాం నొక్కింది. ఆ లిఫ్టు పైకి వెళ్ళడానికి నిమిషం పడుతుంది. నేను మెట్ల మీంచి పరిగెత్తాను, మలుపు దగ్గర మోచెయ్యి గీరుకుపోయింది. నేను గదిలోకొచ్చేసరికి నేలలోంచి వాడి తల పైకొస్తోంది, తర్వాత భుజాలు, తర్వాత ఒళ్ళో పడున్న ఆ చేతులు. పడమటి కిటికీలోంచి వెలుగు గోడలనిండా పడి ఉంది. తాత దున్నిన పొలం కనబడుతోంది. వాడు పొలంకేసి చూడలేదు. గోడలన్నీ ఒక్కోటీ చూసుకుంటూ వెళ్ళి, పడమటి మూల దగ్గర ఆగాడు.

"ఆ మూల... సరిగా రాలేదు," అన్నాడు.

"పడుకుంటే కనబడదులే," అన్నాను.

పంతొమ్మిది రాత్రులు పడుకున్నాం. మన మంచం మీద, మనిద్దరం, వాడడిగినట్టే. పంతొమ్మిదీ నాకు గుర్తున్నాయి. రెండు నిమిషాలకోసారి లేవాల్సి వచ్చిన రాత్రులు కూడా అందులో ఉన్నాయి. ఇరవయ్యో రోజు పొద్దున వాడు లేవలేదు.

డెనిస్ వచ్చి లిఫ్టు పలక పక్కకి తీశాడు. నలుగురు పైన, నలుగురు కింద, తాళ్ళు కట్టి దించారు. వంటింటి బల్ల మీదికే. దారి ఎటో అందరికీ తెలిసినట్టే ఉంది, ఒక్కరు కూడా గట్టిగా మాట్లాడలేదు. లవ్‌డే గుమ్మం దగ్గర బూట్లు చేత్తో పట్టుకుని నిలబడింది.

అందరూ వెళ్ళాక డెనిస్ మూత దించి, పక్కన డబ్బాలో ఉన్న నా పాత మరలు చేతిలోకి తీసుకున్నాడు. "బిగించమంటావా తల్లీ? చూసినప్పుడల్లా కష్టంగా ఉంటుందేమో."

"వద్దు డెనిస్. అవి తీసుకెళ్ళిపో."

చాప కూడా వెయ్యలేదు. పొద్దున్నే మంచం దిగితే నా కాలికి ముందు తగిలేది ఆ కడియమే. చల్లగా ఉంటుంది. ఇంకా మూడు గదులు సున్నం వెయ్యాలి.